ఒలింపస్ అడవిలో జలపాతాలు: అమ్మ మోకాళ్లు, మీవారి రహస్య దారి

ప్రశ్న: మేము మ్యూనిక్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, పాపకు తొమ్మిదేళ్లు. ఆగస్టులో పది రోజులు గ్రీస్ వెళ్దామనుకుంటున్నాం. అందరూ వెళ్లే ద్వీపాలు కాకుండా, అడవుల్లో నడిచి జలపాతాలు చూడాలని మా ఆశ. గుంటూరు నుంచి అమ్మను రప్పించి వెంట తీసుకెళ్లాలని ఉంది. వీసాకు ఇంకా వెయ్యలేదు. అమ్మకు 62 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మావారు నెట్‌లో వెతికి, ఎవరికీ తెలియని జలపాతం ఒకటి పట్టారు. ఎవరో నడిచి నెట్‌లో పెట్టిన ఆ దారి జీపీఎస్ ఫైల్ ఫోన్‌లోకి దించుకున్నారు. పోనూ రానూ రెండున్నర కిలోమీటర్లే, కానీ ఆరు గంటలు పట్టినట్టు అందులో ఉంది. నాకు నీళ్లంటే భయం. ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా క్లాసబ్బాయి ఒకడు జలపాతం కింది మడుగులో దిగి మళ్లీ పైకి రాలేదు. మావారేమో ‘ఊరికే టెన్షన్ పడతావు’ అంటారు. అమ్మను హోటల్లో కూర్చోబెట్టి మేం వెళ్లడం నాకిష్టం లేదు. ఏం చెయ్యమంటారు? — ఒక సోదరి, మ్యూనిక్

సమాధానం: చెల్లెమ్మా, ముందు మీ భయం గురించి మాట్లాడతాను. మాది నేరడిగొండ మండలం. కుంటాల జలపాతం మా ఊరికి పక్కనే. కడెం వాగు అక్కడ దూకుతుంటే చూడటానికి జనం బస్సులు కట్టించుకుని వస్తారు. వాళ్లలో అందరూ తిరిగి ఇంటికి వెళ్లరు. ఆ ఊళ్లో పెరిగిన పిల్లలకు ఏ బండ మీద నిలబడాలో, ఏ మడుగు జోలికి పోకూడదో చిన్నప్పుడే తెలుస్తుంది. నీళ్లంటే భయం ఉండబట్టే మేం ఆ నీళ్ల పక్కన బతికాం. కాబట్టి మీ భయాన్ని ఎవరైనా పిరికితనం అంటే ఒప్పుకోకండి. ఆ అబ్బాయిని కళ్లారా చూసిన మీకు, మీ ఇంట్లో మిగతావాళ్లకు తెలియనిది ఒకటి తెలుసు.

తర్వాత మా వారి ఉద్యోగం వల్ల ఉత్తర గ్రీస్‌లోని థెస్సలోనికిలో నాలుగేళ్లు ఉన్నాం. ఆదివారాలు చాలామటుకు కొండల్లోనే గడిచాయి. ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నదాంట్లో మీకు పనికొచ్చేది చెబుతాను.

మీవారి ఫైల్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అది లెక్కతో తేలిపోయేది. కొండ దారి నడకకు స్కాట్లాండ్ కొండల్లో పుట్టిన పాత లెక్క ఒకటుంది, 1892 నాటిది. గంటకు 5 కిలోమీటర్ల నడక, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఒక గంట. మీ దారి పోనూ రానూ రెండున్నర కిలోమీటర్లు, అంటే అరగంట. లోయలోకి 300 మీటర్లు దిగి మళ్లీ ఎక్కాలనుకున్నా ఇంకో అరగంట. మొత్తం గంట. పాప నడకకు దాన్ని రెట్టింపు చేయండి, అమ్మకైతే మూడింతలు చేయండి. అప్పటికీ మూడు గంటలే. మరి ఆ మనిషికి ఆరు గంటలు ఎక్కడ పట్టాయి? బండల మీద నుంచి తాళ్లతో దిగడంలోనో, ముళ్లపొదల్లో దారి తప్పి వెతుక్కోవడంలోనో, నడుములోతు నీళ్లలో ఈడ్చుకుంటూ నడవడంలోనో పట్టి ఉండాలి. వాగు పైనుంచి మొదలుపెట్టి జలపాతాల మీదుగా తాళ్లతో దిగే ఆటను కాన్యనింగ్ అంటారు. వాళ్లు పెట్టిన ఫైళ్లు, మామూలు నడకవాళ్లు పెట్టినవి నెట్‌లో కలిసిపోయి ఉంటాయి. చూడటానికి రెండూ ఒకే నీలం గీత. ఆ దారి దూరం, పట్టిన సమయం పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఈ ఒక్క లెక్క మీవారికి చూపించండి. ఆయన ఇంజనీరే అయితే వాదన అక్కడితో ఆగిపోతుందని నా నమ్మకం.

ఆయనకు నిజంగా ఆ సరదా ఉంటే తప్పేం లేదు. ఒలింపస్ కొండ ఒళ్లోనే ఓర్లియాస్ అనే లోయ ఉంది, కాన్యనింగ్‌కు పేరున్న చోటు. గైడుతో, హెల్మెట్‌తో, చన్నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్‌తో ఒక రోజు వెళ్లి రమ్మనండి. డబ్బు ఖర్చవుతుంది, ఆ ఖర్చు న్యాయమైనదే. అది కుటుంబమంతా కలిసి వెళ్లే నడక మాత్రం కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆగస్టు వద్దు.

మనవాళ్లు ఇక్కడే పొరబడతారు, నేనూ మొదటి ఏడాది అలాగే పొరబడ్డాను. మనకు జలపాతం అంటే వానాకాలం. జూన్‌లో నైరుతి వస్తుంది, ఆగస్టుకల్లా వాగులు నిండుతాయి, దసరా దాకా నీళ్లకు కొదవుండదు. అందుకే ‘ఆగస్టు కదా, నీళ్లు బాగుంటాయి’ అని మన ఒంట్లోనే ఒక కేలండర్ ఉంటుంది. గ్రీస్‌లో అది తలకిందులు. అక్కడ వానలు అక్టోబర్ నుంచి మార్చి దాకా పడతాయి, కొండల మీద మంచు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ మంచు కరిగి వాగుల్లోకి దిగుతుంది. జూన్ దాటాక వానలు బాగా తగ్గిపోతాయి. ఆగస్టుకు చిన్న వాగులు చాలావరకు దారంలా సన్నబడిపోతాయి, కొన్ని పూర్తిగా ఎండిపోతాయి. మేం మొదటి ఏడాది ఆగస్టులో రెండు గంటలు నడిచి ఒక జలపాతానికి వెళ్తే, అక్కడ నల్లటి తడి చార ఉన్న బండ తప్ప ఏమీ లేదు. మా అబ్బాయి ఆ బండనే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. వాడి ముఖం నాకింకా గుర్తుంది.

ఆగస్టుతో ఇంకో చిక్కు మంటలు. అక్కడ మే 1 నుంచి అక్టోబర్ 31 దాకా అడవి మంటల కాలంగా లెక్కపెడతారు. మర్నాడు ఏ జిల్లాలో ఎంత ప్రమాదమో చూపించే మ్యాపును పౌర రక్షణ శాఖ రోజూ విడుదల చేస్తుంది, ఐదు అంచెల్లో. ప్రమాదం మరీ ఎక్కువున్న రోజుల్లో అడవుల్లోకి వెళ్లనివ్వరు. ఆ నిషేధాన్ని చూసి విసుక్కోకండి. 2007 ఆగస్టులో దక్షిణ గ్రీస్‌లోని పెలొపొన్నీస్‌లో ఇలియా జిల్లా జఖారో చుట్టుపక్కల మంటల్లో డజన్ల మంది చనిపోయారు. లోయ దారికి సాధారణంగా వెళ్లేదీ వచ్చేదీ ఒకటే దారి ఉంటుంది. గాలి ఎదురు తిరిగిన రోజున అలాంటి చోట మనం ఉండకూడదు. పైగా ఆగస్టు 15 అక్కడ మేరీమాత పండగ. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఏథెన్స్ ఖాళీ అయి, జనమంతా సొంతూళ్లకు వెళ్తారు. గదులు దొరకవు, దొరికినా ధరలు మండిపోతాయి.

మరి ఎప్పుడు వెళ్లాలి? మీరుండేది బవేరియాలో కాబట్టి మీకొక అదృష్టం ఉంది. పెంటెకోస్ట్ అనే క్రైస్తవ పండగకు పిల్లలకు అక్కడ రెండు వారాల సెలవులిస్తారు, మే చివర్లోనో జూన్ మొదట్లోనో. గ్రీస్ కొండ జలపాతాలకు అంతకన్నా మంచి కాలం లేదు. నీళ్లుంటాయి, నీడ చిక్కగా ఉంటుంది, ఎండ ఇంకా కసిగా మారదు. అమ్మను కూడా ఆ లెక్కకే రప్పించండి. మేలో గుంటూరు ఎండ తప్పించుకున్నట్టూ ఉంటుంది. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే వెయ్యొచ్చు. మీ దగ్గర ఎక్కువ రోజులుంటారు కాబట్టి జర్మనీ వీసాకే వెయ్యాలి, ఆ షెంగెన్ వీసా మీదే గ్రీస్ తీసుకెళ్లొచ్చు. కనీసం 30,000 యూరోల ఆరోగ్య బీమా ఎలాగూ చేయించాలి. ఆ కాగితాల్లో కొండల్లో జరిగే ప్రమాదాలకు, అక్కడి నుంచి కిందికి దించే ఖర్చుకు వర్తిస్తుందో లేదో ఒకసారి చదవండి. ఇంకో మాట, గ్రీకుల పెంటెకోస్ట్ వేరే లెక్కన వస్తుంది, చాలా ఏళ్లు మీ సెలవులతో కలవదు. ఆ మర్నాటి సోమవారం అక్కడ సెలవు దినం. ఆ మూడు రోజులు జనం కొండలకు బయల్దేరతారు, ఆ తేదీ ఒక్కటి చూసుకుని గదులు తీసుకోండి.

ఎక్కడికి అంటే, పది రోజులకు, అమ్మ మోకాళ్లకు, పాప కాళ్లకు నేను ఉత్తరాన్నే చెబుతాను. మ్యూనిక్ నుంచి థెస్సలోనికికి విమానంలో రెండు గంటల ప్రయాణం. అక్కడ కారు తీసుకోండి.

మొదట ఎడెస్సా. థెస్సలోనికికి పడమరగా 90 కిలోమీటర్లు. ఊళ్లోంచి పారే ఏరు ఊరి చివర కొండ అంచు నుంచి సుమారు 70 మీటర్ల లోతుకు దూకుతుంది. రహస్యమూ కాదు, అడవీ కాదు. అయినా మీ ప్రయాణం ఇక్కడే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అమ్మ కారు దిగి కాసేపు నడిస్తే చాలు, చెట్ల నీడలో బెంచీ మీద కూర్చుని మొదటి రోజే ఒక పెద్ద జలపాతాన్ని కడుపునిండా చూస్తారు. ఆ తర్వాత ఆమె కారులో కూర్చున్నా, దారి మధ్యలో ఆగిపోయినా ‘నా వల్ల మీకు ఇబ్బంది’ అనే మాట రాదు. మీరూ పాపా మెట్లు దిగి కింది నుంచి చూసి రండి. ఆ నీటి బలంతో ఈ ఊళ్లో ఒకప్పుడు పిండి మిల్లులు, బట్టల మిల్లులు, జనపనార తాళ్ల ఫ్యాక్టరీ నడిచాయి. ఆ పాత కట్టడాలు పక్కనే ఉన్నాయి. ఆగస్టు తప్పదనే పరిస్థితే వస్తే కూడా ఎడెస్సా మిమ్మల్ని నిరాశపరచదు.

అక్కడి నుంచి లిటోహోరో. ఒలింపస్ కింద, సముద్రానికి కనిపించే దూరంలో ఉన్న ఊరు. గ్రీకుల దేవతలు కొలువుండే కొండ ఇదే, శిఖరం 2,917 మీటర్లు. దేశంలో మొట్టమొదటి జాతీయ ఉద్యానవనం కూడా ఇదే, 1938లో ప్రకటించారు. ఈ కొండలోంచి ఎనిపేయస్ అనే ఏరు దిగుతుంది. దాని లోయ వెంట లిటోహోరో నుంచి పైనున్న ప్రియోనియా దాకా పది కిలోమీటర్ల పైచిలుకు కాలిదారి ఉంది. యూరప్‌ను అడ్డంగా దాటే ఈ-4 అనే పొడవాటి నడకదారిలో అదొక ముక్క. అడుగున ప్లాటనోస్ చెట్లు, వాటి ఆకులు ఆముదపాకుల్లా చేతివేళ్లలా చీలి ఉంటాయి. పైకి పోయేకొద్దీ బీచ్ చెట్లు, నల్ల పైన్ చెట్లు. మధ్యమధ్య కర్ర వంతెనలు. బండల మధ్య మడుగుల్లో నీళ్లు పచ్చగా, గాజులా ఉంటాయి.

ఈ దారిని కింది నుంచి ఎక్కొద్దు. 300 మీటర్ల ఎత్తు నుంచి 1,100 మీటర్లకు ఎక్కడం, మధ్యలో మళ్లీ మళ్లీ దిగడం, ఐదారు గంటల పని. లిటోహోరో నుంచి ప్రియోనియాకు 18 కిలోమీటర్ల రోడ్డుంది, అందరూ కారులోనే వెళ్లండి. ప్రియోని అంటే గ్రీకులో రంపం, ఆ చోటి పేరు దాన్నుంచే వచ్చింది. కారు ఆపిన చోటు నుంచి ఐదు పది నిమిషాల్లో అడవి మధ్యలో జలపాతం. అమ్మ చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా రాగలరు. అక్కడి నుంచి మీవారూ పాపా లోయ వెంట కిందికి, పాత సెయింట్ డయోనిసియోస్ మఠం దాకా నడవాలి. సుమారు మూడు కిలోమీటర్లు, ఆడుతూ పాడుతూ గంటన్నర. మీరు అమ్మను కారులో ఎక్కించుకుని రోడ్డు మీదుగా అదే మఠానికి చేరండి. 16వ శతాబ్దంలో కట్టిన మఠం అది, 1943లో జర్మన్ సైన్యం పేల్చేసింది. ఇప్పుడున్న మఠం ఇంకా కిందికి, వేరే చోట ఉంది. ఆ పాత గోడల దగ్గర నుంచి ఏటి పక్కనే ఇరవై నిమిషాలు నడిస్తే ఆ సాధువు తపస్సు చేసుకున్న గుహ, లోపల చిన్న గుడి, ఊట నీరు. మీ అమ్మగారికి ఆ రోజు మొత్తంలో అదే ఎక్కువ నచ్చుతుందని అనుకుంటున్నాను. మర్నాడు మీరు పాపతో నడవండి, ఆయన అమ్మతో ఉంటారు. అలా ఎవరి వంతు వారికి వస్తుంది, అమ్మ ఏ పూటా ఒంటరిగా హోటల్లో ఉండక్కర్లేదు.

ఎనిపేయస్ మడుగుల్లో దిగడం నిషేధం, బోర్డులుంటాయి. దిగినవాళ్ల ఫొటోలు చూసి పాప అడుగుతుంది. వద్దని ముందే చెప్పి తీసుకెళ్లండి, అక్కడికి వెళ్లాక చెబితే ఏడుపవుతుంది.

దక్షిణాన మెస్సీనియాలో పోలిలిమ్నియో అనే చోటుంది. పేరుకు అర్థమే ‘చాలా చెరువులు’. చిన్న మడుగులు ఒకదాని కింద ఒకటి, వాటి మధ్య జలపాతాలు. కలమాట నుంచి కారులో గంటలోపే. అందంగా ఉంటుంది, కానీ మడుగుకూ మడుగుకూ మధ్య బండలకు కొట్టిన ఇనుప కమ్మీలు పట్టుకుని ఎక్కాలి, వేసవిలో జనం. ఈసారికి వదిలేయండి.

అక్కడి నేదా అనే ఏరును మాత్రం వదిలెయ్యమని చెప్పలేను, ఎప్పుడైనా మీ ఇద్దరూ వెళ్లాలి. గ్రీస్‌లో నదులకు పురుషుల పేర్లుంటాయి, ఈ ఒక్కదానికి ఆడపేరు అని అక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. గ్రీకు దేవతల రాజు జ్యూస్‌ను పసివాడిగా ఉన్నప్పుడు సాకిన వనదేవతల్లో ఒకరి పేరట. ఫిగాలియా, ప్లాటానియా ఊళ్ల కింద లోయలో ఈ ఏరు దూకుతుంది, కొంత దూరం గుహలోంచి సాగుతుంది. క్రీ.శ. రెండో శతాబ్దంలో పౌసానియస్ అనే యాత్రికుడు ఈ ప్రాంతమంతా తిరిగి, ఫిగాలియా పిల్లలు ఈ ఏటికి తమ జుట్టు కత్తిరించి సమర్పిస్తారని రాశాడు. అది చదివిన రోజు నాకు తిరుమల కల్యాణకట్ట గుర్తొచ్చి చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. ఎక్కడి నేదా, ఎక్కడి తలనీలాలు! పై కొండ మీద, బస్సాయ్ దగ్గర అపోలో గుడి ఉంది. ఏథెన్స్‌లో పార్థెనాన్ గుడి కట్టిన ఇక్తినోస్ కట్టినదేనని పౌసానియస్ రాశాడు. గ్రీస్‌లో యునెస్కో జాబితాకెక్కిన మొదటి స్థలం అదే, 1986లో. ఏ లోయలోనైనా ప్లాటనోస్ చెట్ల మీద పాపను పేరు చెక్కనివ్వకండి, కొమ్మలు విరవనివ్వకండి. ఆ చెట్లను చంపే బూజు తెగులు 2003లో మెస్సీనియాలోనే మొదట కనబడింది, కోసిన కత్తి నుంచి, గాయం నుంచి అది పాకుతుంది. వందల ఏళ్ల చెట్లు నిలువునా ఎండిపోయాయి.

సమోత్రాకి ద్వీపంలో ఒక వాగు పేరు ఫోనియాస్. గ్రీకులో ఆ మాటకు ‘హంతకుడు’ అని అర్థం. మామూలు రోజుల్లో మేకలు నీళ్లు తాగే చల్లని చిన్న వాగది. కొండ మీద వాన పడితే చెట్లనూ బండలనూ దొర్లించుకుంటూ వస్తుంది కాబట్టి ఊరివాళ్లు ఆ పేరు పెట్టారు. మీకూ మీవారికీ వాదన వచ్చినప్పుడల్లా ఈ పేరు చెప్పండి. 2023 సెప్టెంబర్ 5న పీలియో కొండల్లోని జగోరా ఊళ్లో ఒక్క రోజులో 754 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడేదానికి దగ్గరదగ్గరగా ఉంటుంది అది. ఎండిన వాగులున్న దేశమే ఒక్క పూటలో అలా మారుతుంది.

అందుకే లోయలో దిగే ముందు మీ తల మీద ఆకాశం ఒక్కటే చూసి ఊరుకోవద్దు, వాగు పుట్టే కొండ మీద మబ్బుందా అని చూడాలి. కొండల్లో ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తుంది, కాబట్టి పొద్దున ఎనిమిదికల్లా నడక మొదలుపెట్టి రెండింటికల్లా బయటపడండి. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి బురద రంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా ఆ క్షణమే పక్క గట్టు ఎక్కాలి. బ్యాగు కోసం వెనక్కి వెళ్లకూడదు.

స్నానానికి అనుమతి ఉన్న చోట కూడా ఒక సంగతి గుర్తుంచుకోండి. మేలో అది మంచు కరిగిన నీరు. ఈత బాగా వచ్చినవాళ్లయినా ఒక్కసారిగా దూకితే మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది, ఆ గబగబా పీల్చే ఊపిరిలో నీళ్లు మింగేస్తారు. మీ క్లాసబ్బాయికి ఏం జరిగిందో నాకు తెలియదు, కానీ జలపాతం కింద నీరు పైనుంచి పడి అడుగుకు వెళ్లి మళ్లీ వెనక్కి, ధార కిందికే లాగుతుంది. ధారకు దూరంగా, అడుగు కనిపించే చోట, మోకాళ్ల లోతులో, ముందు చేతులూ ముఖం తడుపుకుని, మెల్లగా దిగాలి. దూకడం అసలు వద్దు. ధార కింద నిలబడి ఫొటో దిగడమూ వద్దు, నీళ్లతో పాటు పైనుంచి రాళ్లు కూడా పడతాయి. పాచి పట్టిన బండ మీద ఖరీదైన బూటయినా జారుతుంది. వీలైన చోటల్లా రాళ్ల మీదుగా కాకుండా ఇసుక మీదుగా, మట్టి మీదుగా నడవండి.

అమ్మ మోకాళ్ల విషయంలో డాక్టరును ఒకసారి అడిగే బయల్దేరండి. నా అనుభవం మాత్రం ఇది. గుడి కొండకు ముందు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. జలపాతపు నడకలో ముందు దిగుతాం, ఎక్కడం తర్వాత ఉంటుంది. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని పోతాం, మోకాళ్లు మాత్రం దిగడంలోనే అరుగుతాయి. ఎక్కే వేళకు ఎండ నెత్తిమీదికి వస్తుంది. అందుకని దిగడానికి ఎంతసేపు పట్టిందో దానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోండి. రెండు చేతులకూ రెండు కర్రలు కొనండి, ఊళ్లో తిరిగేటప్పుడే అమ్మకు అలవాటు చేయించండి. మధ్యలో ఆమె ఆగిపోతానంటే బతిమాలొద్దు, ఒకరు తోడు కూర్చోవాలి, అంతే.

లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. ఏ ఆపదకైనా 112కు ఫోన్ చేయాలి. దారిలో గొర్రెల మంద కనిపిస్తే దాన్ని కాసే పెద్ద కుక్కలు కూడా ఉంటాయి. పరిగెత్తకుండా, మందకు దూరంగా చుట్టుతిరిగి వెళ్లండి. రాళ్ల గోడల సందుల్లో చేతులు పెట్టొద్దని పాపకు చెప్పండి, కొమ్ము ముక్కు రక్తపింజరలాంటి పాములు అక్కడ ఉన్నాయి.

ఇక ‘ఎవరికీ తెలియని జలపాతం’. అలాంటిది లేదు. ఏ జలపాతమైనా దాని కింది ఊరివాళ్లకు తెలుసు. ఒలింపస్ శిఖరాన్ని 1913 ఆగస్టు 2న ఇద్దరు స్విట్జర్లాండ్ వాళ్లు మొదట ఎక్కారని చెబుతారు. వాళ్లకు ముందు నడిచి దారి చూపించింది లిటోహోరో వేటగాడు హ్రిస్టోస్ కకలోస్. మీవారికి నిజంగా జనం లేని జలపాతం కావాలంటే ఫోన్ పక్కన పెట్టి, ఊరి మధ్యలో ఉండే కఫెనియోకు వెళ్లమనండి. అంటే కాఫీ కొట్టు, మన రచ్చబండకు కాఫీ తోడైనట్టుంటుంది. ఒక కాఫీ చెప్పి, కూర్చుని, నిదానంగా అడగాలి. ‘చిన్న పిల్ల, పెద్దావిడ ఉన్నారు’ అని ముందే చెప్పాలి. వాళ్లు మీ కాళ్లకున్న చెప్పులు కూడా చూసే సమాధానం చెబుతారు. ‘ఇప్పుడు వద్దు’ అంటే వాదించొద్దు. మాకు అలా చెప్పి, దాని బదులు పక్క లోయ చూపించిన ముసలాయన వల్లే నేను చూసినవాటిలో మంచి జలపాతం దొరికింది. అక్కడ మేం తప్ప ఎవరూ లేరు. దాని పేరు, దారి ఎక్కడా రాయొద్దని ఆయన అడిగాడు, అందుకే ఇక్కడా రాయడం లేదు.

అమ్మ మాంసం తినకపోతే దిగులు పడొద్దు. చిన్న ఊళ్ల భోజనశాలల్లో హోర్టా అడగండి, ఉడికించిన ఆకుకూర, మీద ఆలివ్ నూనె, నిమ్మరసం. వేసవి మొదలయ్యాక వ్లీటా అని ఇస్తారు. అది మన తోటకూరే. పెద్ద చిక్కుడు గింజలను టమాటాతో వండిన గిగాంతెస్ కూడా దొరుకుతుంది. ఓ చిన్న డబ్బాలో గుంటూరు కారప్పొడి ఆవిడే తెచ్చుకుంటారు, మీరు చెప్పక్కర్లేదు.

అమ్మకు గ్రీకు మాట ఒకటి నేర్పించి తీసుకెళ్లండి. వాళ్ల భాషలో నీళ్లను ‘నెరో’ అంటారు. మన నీరుకూ దానికీ చుట్టరికం లేదు, ‘కొత్త నీరు’ అనే పాత గ్రీకు మాటలో ‘కొత్త’ అనే ముక్క మాత్రమే ఇప్పుడు నీళ్లకు పేరుగా మిగిలింది. అయినా మా అత్తగారు వచ్చినప్పుడు ఆ ఒక్క మాటతోనే కొండ ఊళ్లన్నీ తిరిగారు. ప్రతి ఊళ్లో చెట్టు కింద రాతి తొట్టి, దాంట్లోకి ఊట నీరు పడుతూ ఉంటుంది. ఆవిడ సీసా పట్టుకుని వెళ్లి ‘నెరో?’ అని అడిగేవారు, అక్కడ కూర్చున్న ముసలమ్మలు లేచి చోటిచ్చేవారు.